మంత్రాలోచన జరిగే గది

1882 జూలైలో లండను నగరంలో జరిగిన విడ్డూరం వొకటి చెబుతాను.

అప్పటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్. బ్రిటిషు యుద్ధనౌకలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పట్నం మీద గుండ్లవర్షం కురిపించాయి. ఇది తనకు సమ్మతం కాదని జాన్ బ్రైట్ అనే మంత్రి రాజీనామా ఇచ్చి బయటికి పోయాడు. మంత్రివర్గం కూర్చుంది, మాట్లాడుకుంది, లేచింది. మరునాడు ఇద్దరు మంత్రులు హార్టింగ్టన్ ప్రభువు దగ్గరకు వచ్చారు. ఈ హార్టింగ్టన్ అప్పుడు మన ఇండియా వ్యవహారాల మంత్రే. నిన్న మనం తేల్చింది ఇదీ అని వొకాయనా, కానే కాదు అదీ అని ఇంకొకాయనా పట్టుబట్టారు. హార్టింగ్టన్‌గారికి అసలే గుర్తు లేదు. చివరికి ఆయన ఆంతరంగిక కార్యదర్శి, ప్రధానమంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శికి చీటీ రాశాడు: బ్రైట్ రాజీనామా ఇచ్చాడు గనుక మావాళ్ళు యేదో వొకటి నిర్ణయించే వుంటారు, అదేమిటో కాస్త కనుక్కుని చెప్పవలసింది అని! 1918లో కర్జన్ ప్రభువు నిండుసభలో ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు.

నవ్వు వస్తుంది నిజమే. కాని ఆ నిర్ణయం దేన్ని గురించి? యుద్ధాన్ని గురించి. ఆ యేడు ఈజిప్టు దండయాత్రలో మన భారతీయ సిపాయిలు కూడా వోడలెక్కి వెళ్ళారు. వాళ్ళను యే మాట మీద పంపించారో పంపినవాళ్ళకే గుర్తులేని పరిస్థితి అన్నమాట. ఆ రోజుల్లో బ్రిటిషు మంత్రివర్గానికి ఎజెండా వుండేది కాదు, మినిట్సు వుండేవి కావు. ప్రధానమంత్రి సమావేశం కాగానే రాణిగారికి స్వహస్తంతో వొక ఉత్తరం రాసేవాడు. రికార్డు అంటే అదే.

మన కౌటిల్యుడు ఈ విషయంలో ఎంతో ముందున్నాడు. మంత్రాలోచన చేసే చోటికి చిలుకలనూ గోరువంకలనూ కూడా రానివ్వవద్దన్నాడు. ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచించమన్నాడు. దగ్గర లేనివారితో ఉత్తరాల ద్వారా సంప్రదించమన్నాడు. అంతా బాగానే వుంది. కాని ఆయన కాలంలో సేన అంటే వొక్క సేనే. ఈ కాలంలో అలా కాదు గదా! నేలమీద వొక సైన్యం, నీటిమీద వొకటి, గాలిలో వొకటి. పరదేశాలతో మాట్లాడే శాఖ వేరు, ఇంటిలోపల పోలీసులను చూసే శాఖ వేరు, గూఢచారులు వేరు, వీటన్నిటికీ డబ్బిచ్చే శాఖ మరీ వేరు. పెళ్ళి పెత్తనం నలుగురు బాబాయిలు పంచుకుంటే యేమవుతుందో మనకు తెలియనిది కాదు. విడిదింటికి మూడు బళ్ళు వస్తాయి, స్టేషనుకు వొక్కటీ పోదు. ఎవరిని అడిగినా, రెండోవాడు చూసుకుంటున్నాడనుకున్నానంటాడు. పెళ్ళిలో అయితే మగపెళ్ళివారి అలకతో పోతుంది. రాజ్యంలో అయితే ప్రాణాలు పోతాయి.

బ్రిటిషువారికి ఆ బుద్ధి దక్షిణాఫ్రికాలో వచ్చింది. 1899 నుంచి 1902 వరకూ బోయర్ రైతులతో యుద్ధంచేసి, గెలిచి కూడా సిగ్గుపడవలసి వచ్చింది. ఆ ఆవేదనలోంచి 1902 డిసెంబరులో సామ్రాజ్యరక్షణ సంఘం పుట్టింది. ప్రధానమంత్రి బాల్ఫోర్ స్వయంగా అందులో కూర్చునేవాడు. 1904లో ఈషర్ ప్రభువు సలహా మీద దానికి వొక శాశ్వత కార్యాలయం ఏర్పడింది. నన్నడిగితే సంఘం పుట్టింది 1902లో అయినా దానికి ప్రాణం వచ్చింది ఈ 1904లోనే. మంత్రులు వస్తారు, పోతారు. గుమాస్తా వున్నచోట కాగితం వుంటుంది, కాగితం వున్నచోట నిన్నటిమాట ఇవాళ బతికి వుంటుంది.

ఆ గుమాస్తాలలో మారిస్ హాంకీ అనే ఆయన చరిత్రకెక్కాడు. నౌకాదళం వాడు. 1908లో సహాయ కార్యదర్శిగా చేరి, 1912లో కార్యదర్శి అయి, 1938 దాకా ఆ కుర్చీ దిగలేదు. ప్రధానమంత్రులు ఎందరు మారినా ఆయన మారలేదు. ఆయన ఆఫీసు చేసిన గొప్పపని ‘యుద్ధ గ్రంథం’. యుద్ధం వస్తే ఆ రోజున యే శాఖవారు యేమి చెయ్యాలి, తంతి ఎవరికి పోవాలి, రైళ్ళు ఎవరి స్వాధీనంలోకి రావాలి, రేవులలో శత్రువుల వోడలను ఎవరు పట్టుకోవాలి, ఇవన్నీ ముందే రాసిపెట్టిన పుస్తకం. 1914 ఆగస్టులో ప్రపంచయుద్ధం వచ్చిపడ్డప్పుడు లండనులో ఎవరూ తడుముకోలేదు. పుస్తకం తెరిచారు, పని మొదలుపెట్టారు.

కాని పుస్తకం యుద్ధాన్ని ఆరంభించగలదేగాని నడపలేదు. 1916 నాటికి పెద్ద మంత్రివర్గం ఇరవైమందికి పైగా కూర్చుని వాదించుకుంటూ వుండగా సరిహద్దులలో లక్షలమంది రాలిపోతున్నారు. ఆ డిసెంబరులో లాయిడ్ జార్జి ప్రధాని అయి, అయిదుగురితో యుద్ధమంత్రివర్గం ఏర్పరిచాడు. హాంకీని పిలిచి, కూర్చుని రాసుకో అన్నాడు. బ్రిటిషు మంత్రివర్గ సమావేశానికి కార్యదర్శి, ఎజెండా, మినిట్సు వచ్చింది అప్పుడే. హార్టింగ్టన్‌గారి చీటీకి జవాబు ముప్పైనాలుగేళ్ళకు దొరికిందన్నమాట.

అమెరికావారి కథ ఇంకొక దారి. వాళ్ళకు గురువు పెర్ల్ హార్బరు. 1941 డిసెంబరు 7న జపాను విమానాలు హవాయిలోని నౌకాశ్రయం మీద పడ్డాయి. తరువాత విచారణలో తేలినది చూస్తే ఆ పెళ్ళివారి బళ్ళ సంగతే జ్ఞాపకం వస్తుంది. అక్కడ నౌకాదళానికి అధిపతి కిమ్మెల్, సైన్యానికి అధిపతి షార్ట్. సముద్రం మీద దూరందాకా విమానాలు తిప్పి నౌకాదళం వారు కనిపెడుతున్నారని సైన్యం అనుకున్నది. సైన్యం సర్వసన్నద్ధంగా వుందని నౌకాదళం అనుకున్నది. షార్ట్ సన్నద్ధుడైంది లోపలి దొంగదెబ్బలకు మాత్రమే; అందుకని విమానాలన్నిటినీ కాపలాకు వీలుగా వొకచోట దగ్గరదగ్గరగా పెట్టించాడు. పైనుంచి బాంబులు వేసేవాడికి అంతకంటె యేం కావాలి!

యుద్ధం ముగిశాక ఆ దేశంలో పెద్ద వాదం లేచింది. సైన్యాన్నీ నౌకాదళాన్నీ వొక్కటిగా కలిపివెయ్యాలని వొక పక్షం. నౌకాశాఖ మంత్రి ఫారెస్టల్ దీనికి అడ్డం తిరిగాడు. తన మిత్రుడు ఎబర్‌స్టాట్ చేత 1945లో వొక నివేదిక తయారుచేయించాడు. అందులో మేలైన ఊహ అంతా బ్రిటిషువారి సామ్రాజ్యరక్షణ సంఘం నుంచి వచ్చిందే: కలపవద్దు, వొక బల్లచుట్టూ కూర్చోబెట్టండి అని. చివరికి రాజీ కుదిరి 1947లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. అధ్యక్షుడు ట్రూమన్ దానిమీద సంతకం చేసింది ఎక్కడనుకుంటున్నారు? విమానంలో. జూలై 26న తల్లి అవసానదశలో వుందని కబురు రాగా బయలుదేరుతూ, ఆ చట్టం కాగితం కోసం విమానాశ్రయంలో ఆగాడు. సంతకం చేసి బయలుదేరాడు. తల్లిని ప్రాణంతో చూడలేదు. ఆమె ఆ రోజే కన్నుమూసింది.

ఆ చట్టంతో జాతీయ భద్రతా మండలి, కేంద్ర గూఢచారి సంస్థ రెండూ పుట్టాయి. కాని ట్రూమన్‌కు ఈ మండలి మీద అనుమానమే. తన తలమీద పెత్తనం చేస్తుందేమోనని. కొరియా యుద్ధం రాకముందు జరిగిన 57 సమావేశాలలో ఆయన వచ్చినవి 12. యుద్ధం రాగానే వరసగా రావడం మొదలుపెట్టాడు. తరువాత వచ్చిన ఐసన్‌హోవర్ సేనాని గనుక వారం వారం సభ పెట్టించి, బోస్టన్ బ్యాంకరు రాబర్ట్ కట్లర్‌ను సహాయకుడుగా వేసుకుని దానిని యంత్రంలాగా తిప్పాడు. కెనడీకి అది చాదస్తంగా తోచి 1961లో సగం యంత్రాన్ని విప్పేశాడు. రెండు నెలలలోపే క్యూబాలో బే ఆఫ్ పిగ్స్ పరాభవం జరిగింది. అంతట శ్వేతసౌధంలోనే వార్తలు వచ్చిపడే గది వొకటి కట్టించాడు. మరుసటి యేడు అదే క్యూబాలో రష్యావారి క్షిపణులు కనిపించినప్పుడు పదమూడు రోజులు ఎంపిక చేసిన కొద్దిమందితో కూర్చుని, ఎదురుమాట చెప్పేవాడికి అవకాశమిచ్చి, లోకాన్ని అణుయుద్ధం అంచునుంచి వెనక్కు తెచ్చాడు. ఆ మాటలన్నీ గదిలో రహస్యంగా టేపురికార్డరు మీద ఎక్కించడం కూడా జరిగింది. హాంకీ బతికి వుంటే మెచ్చుకునేవాడు. ఆయన 1963 జనవరిలోనే పోయాడు, టేపుల సంగతి తెలియకుండానే.

ఇక మన ఇంటికి వద్దాం.

హాంకీ శిష్యుడు ఇస్మే. యుద్ధకాలంలో చర్చిల్ దగ్గర వుండి సేనాధిపతులకూ ప్రధానికీ మధ్య వారధిగా పనిచేసినవాడు. 1947లో మౌంట్‌బాటన్‌తో కలిసి ఢిల్లీ వచ్చాడు. స్వతంత్రదేశానికి రక్షణ వ్యవహారాలు నడిపే కట్టుబాటు ఎలా వుండాలని అడిగితే ఆయన గీసి ఇచ్చిన పటం ఇది: పైన ప్రధానమంత్రి అధ్యక్షుడుగా మంత్రివర్గ రక్షణ సంఘం, దానికింద రక్షణమంత్రి సంఘం, దానికింద మూడు దళాల అధిపతుల సంఘం. ప్రతి సంఘానికీ కార్యదర్శులు, కాగితాలు. మన నాయకులు సరేనన్నారు. కాశ్మీరు యుద్ధం రానే వచ్చింది. ఆ తొలిరోజులలో రక్షణ సంఘానికి నెహ్రూగారి కోరికమీద మౌంట్‌బాటనే అధ్యక్షత వహించాడు.

పటం మంచిదే. అయితే ఇల్లు కట్టినంత మాత్రాన కాపురం చేసినట్టు కాదు. 1950ల చివరికి వచ్చేసరికి పెద్ద నిర్ణయాలు సంఘాలలోంచి జారి వ్యక్తుల గదులలోకి పోయాయి. నెహ్రూగారి మాట, కృష్ణమెనన్‌గారి గది. మెనన్‌గారి సమావేశాలలో మినిట్సు రాయడం ఆయనకు ఇష్టం వుండేది కాదని ఆ కాలాన్ని గురించి రాసినవారు చెబుతారు.

1962 సెప్టెంబరు 8న ఈశాన్య సరిహద్దులో ధోలా అనే ఠాణాను చైనా సైనికులు చుట్టుముట్టారు. నెహ్రూగారు అప్పుడే కామన్వెల్తు సభకు లండను బయలుదేరారు. కొద్దిరోజులకు కృష్ణమెనన్‌గారు ఐక్యరాజ్యసమితికని న్యూయార్కు వెళ్ళారు. సెప్టెంబరు 22న ఢిల్లీలో రక్షణశాఖ సమావేశం జరిగింది. పెద్దలిద్దరూ వూళ్ళో లేరు గనుక దానికి అధ్యక్షత వహించినది జూనియరు మంత్రి, మన గుంటూరు పార్లమెంటు సభ్యుడు కొత్త రఘురామయ్యగారు. చైనావారిని అక్కడినుంచి తరిమితే వాళ్ళు లడాఖులో దెబ్బతీయవచ్చునని సైన్యాధిపతి జనరల్ థాపర్ చెప్పాడు. అంత పెద్ద ప్రమాదం రాదని విదేశాంగ కార్యదర్శి అన్నాడు. అయితే నాకు కాగితం మీద రాసివ్వండి అన్నాడు థాపర్. రాసి ఇచ్చారు: సిద్ధం కాగానే చైనావారిని వెళ్ళగొట్టవలసింది అని. కింద సంతకం ఎవరిది? ప్రధానిది కాదు. మంత్రిది కాదు. రక్షణశాఖలోని వొక జాయింటు కార్యదర్శిది.

ఇందులో రఘురామయ్యగారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ జాయింటు కార్యదర్శిని అనడమూ న్యాయం కాదు. దేశం యుద్ధానికి పోతుందా లేదా అన్న నిర్ణయం, పదిహేనేళ్ళక్రితం ఇస్మే గీసిన పటం ప్రకారం, ప్రధాని అధ్యక్షతను మంత్రివర్గ రక్షణ సంఘం తీసుకోవలసినది. ఆ బల్ల దగ్గర ఆర్థికమంత్రీ, హోంమంత్రీ, విదేశాంగం, మూడు దళాధిపతులూ ఎదురెదురుగా కూర్చోవలసినది. సైన్యానికి ఉన్ని బట్టలు ఎన్ని వున్నాయి, కొండమీదికి గుండ్లు ఎవరు మోస్తారు, చైనా ఊరుకుంటుందని చెప్పేవాడు యే ఆధారం మీద చెబుతున్నాడు, ఇవన్నీ ఎవరో వొకరు అడగవలసినది. అడిగే స్థలమే లేకుండాపోయింది.

నమ్కాచూ వాగు వొడ్డున నిలిచిన ఏడవ బ్రిగేడు జవానులలో చాలామందికి వొంటిమీద వున్నవి నూలుబట్టలు. చేతిలో వున్న తూటాలు లెక్కపెట్టుకోదగినన్ని. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనావారు దాడి చేశారు. కొన్ని గంటలలో బ్రిగేడు బ్రిగేడుగా మిగలలేదు. దాని అధిపతి బ్రిగేడియర్ దాల్వీ రెండురోజుల తరువాత శత్రువులకు చిక్కాడు. ఆనాడు కాలేజీలలోనూ బడులలోనూ ఆడపిల్లలు చేతి గాజులు తీసి రక్షణనిధికి ఇచ్చారని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ బంగారం వెనక వున్న సంగతి, కాగితంమీద జాయింటు కార్యదర్శి సంతకం.

దెబ్బ తగిలాక కదలిక వచ్చింది. మంత్రివర్గంలో అత్యవసర సంఘం ఏర్పడింది. ప్రముఖులందరితో జాతీయ రక్షణ మండలి కూడా పెట్టారు. అది చూడటానికి నిండుగా వున్నా అంతమంది కూర్చుని యుద్ధాలోచన చేయడం అయ్యేపని కాదు. అసలైన మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. కొత్త రక్షణమంత్రి చవాన్‌గారు రోజూ పొద్దున్నే ముగ్గురు దళాధిపతులనూ, కార్యదర్శులనూ తన గదికి పిలిచి మాట్లాడేవారు. గంభీరమైన పేరేమీ లేదు దానికి. పొద్దుటి సమావేశం, అంతే. 1965 యుద్ధంలో అది పనికివచ్చింది. ఆ తరువాత 1968లో విదేశ గూఢచర్యానికని ‘రా’ సంస్థ ఏర్పడింది. 1971లో ఇందిరాగాంధీ, హక్సర్, డి.పి. ధర్, కావ్, మానెక్‌షా కూడబలుక్కుని పనిచేశారు. జాతీయ భద్రతా మండలి అనే పేరు లేకుండానే బంగ్లాదేశ్ విమోచన జరిగిపోయింది. మనుషులు కలిస్తే బల్ల లేకపోయినా గడుస్తుందని దీనివల్ల కొందరనుకున్నారు. ఆ మనుషులు ఎల్లప్పుడూ వుండరు గదా!

పేరుగల మండలి మనకు 1990 ఆగస్టులో వచ్చింది, వి.పి. సింగ్ ప్రభుత్వంలో. వొక్కసారి కూర్చుంది. ప్రభుత్వం పడిపోయింది, మండలి మరుగున పడింది. తరువాత అయిదేళ్ళు మన తెలుగువాడు పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా వున్నారు. ఆయన కూడా దానిని లేపలేదు. పాతసంఘాలు చాలుననే ఆయన ధోరణి. పి.వి.గారి లౌక్యం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం వుండదు. ఆలోచనంతా తన కడుపులో దాచుకునే మనిషికి ఆలోచనా మండలితో పనేమిటి?

1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాక ఆ ధోరణి చెల్లలేదు. అణ్వాయుధం చేతికి వచ్చినవాడు, దాని తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందో లోకానికి చెప్పాలి. నవంబరు 19న వాజపేయి ప్రభుత్వం జాతీయ భద్రతా మండలిని మళ్ళీ ఏర్పరచింది. ప్రధాని అధ్యక్షుడు; హోం, రక్షణ, విదేశాంగ, ఆర్థిక మంత్రులు సభ్యులు. పాత సంయుక్త గూఢచార సంఘం దానికి కార్యాలయంగా మారింది. బయటి పండితులతో సలహా సంఘం వొకటి. తొలి జాతీయ భద్రతా సలహాదారు బ్రజేష్ మిశ్రా. అప్పటికే ఆయన ప్రధానికి ముఖ్యకార్యదర్శి. ఈ రెండు కుర్చీలూ వొకరికే ఇవ్వడం మంచిదికాదని ఆనాడే విమర్శలు వచ్చాయి. నా అభిప్రాయమూ అదే. ఇటు చూసే కన్నూ అటు చూసే కన్నూ వొకే తలకు వుంటే రెండో అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది? అమెరికాలో 1973 నుంచి రెండేళ్ళపాటు కిసింజరు విదేశాంగమంత్రి పదవినీ భద్రతా సలహాదారు పదవినీ కలిపి అనుభవించినప్పుడు కూడా ఈ చిక్కే. 2004లో మన దగ్గర ఆ రెండు కుర్చీలూ విడిపోయాయి, సలహాదారుగా జె.ఎన్. దీక్షిత్ వచ్చారు.

మండలి పుట్టిన ఆరునెలలకే పరీక్ష వచ్చింది. 1999 మే నెలలో కార్గిల్ కొండలమీద పాకిస్తాను సైనికులు బంకర్లు కట్టుకుని కూర్చున్నారని గొర్రెలకాపరులు వచ్చి చెబితే గాని మనకు తెలియలేదు. జూలై నెలాఖరుకు యుద్ధం ముగిసింది. ఆ నెల 29నే కె. సుబ్రహ్మణ్యంగారి అధ్యక్షతను విచారణ సంఘం వేశారు. ఈ పని మెచ్చదగినది. 1962 తరువాత హెండర్సన్ బ్రూక్స్ నివేదికను బీరువాలో పెట్టి తాళం వేసినట్టు కాకుండా, ఈ నివేదికను కొన్ని భాగాలు తీసివేసి 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచారు. ఆ సంఘం చెప్పిన మాటలలో నాకు ముఖ్యమనిపించినది వొకటి: ఇస్మే ప్రభువు కట్టిపెట్టిన ఏర్పాటులో యాభైరెండేళ్ళుగా చెప్పుకోదగిన మార్పు రాలేదన్నది. గూఢచారి సంస్థలు ఎవరికి దొరికిన తునక వారు పట్టుకున్నారు, తునకలన్నీ కలిపి బొమ్మ చేసేవాడు లేడన్నది దాని సారాంశం.

ఆ తునకల సంగతే 2008 నవంబరు 26న బొంబాయిలో మళ్ళీ బయటపడింది. పదిమంది దుండగులు సముద్రంమీద పడవలో వచ్చి వూళ్ళో దిగారు. తీరం కాపలా నౌకాదళానిదా, తీరరక్షక దళానిదా, రాష్ట్ర పోలీసులదా? అందరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. హర్యానాలోని మానేసర్‌లో వున్న కమాండోలు ఢిల్లీనుంచి విమానంలో చేరేసరికి ఎన్నో గంటలు గడిచాయి. తరువాత, 2009లో, సముద్రతీర రక్షణ మొత్తానికి నౌకాదళాన్ని బాధ్యుణ్ణి చేశారు. కమాండోల స్థావరాలు బొంబాయి, మద్రాసు, కలకత్తాలతోపాటు మన హైదరాబాదులోనూ పెట్టారు. తూర్పుతీరంలో చేపలు పట్టుకునే మన బెస్తవారికి గుర్తింపు కార్డులు వచ్చింది ఆ తరువాతనే. దేశరక్షణ మండలి నిర్ణయం వొకటి చివరకు వలవేసేవాడి జేబులోకి ఇలా వస్తుంది.

అమెరికావారి మండలికి చట్టం పునాది. మనది ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడినది. ప్రధాని తలుచుకుంటే రోజూ కూర్చుంటుంది, తలుచుకోకపోతే 1990లో మాదిరి నిద్రపోతుంది. ఈ తేడాను మన పార్లమెంటులో ఇంకా గట్టిగా చర్చించవలసివుంది. సలహాదారు ఎంత సమర్థుడైనా లోక్‌సభలో లేచి ప్రశ్నకు జవాబు చెప్పేవాడు కాడు.

కార్గిల్ నివేదిక మీద ఆలోచించిన మంత్రుల బృందం 2001 ఫిబ్రవరిలో, మూడు దళాలకూ పైన వొక అధిపతి వుండాలని చెప్పింది. ఆ పదవి వస్తున్నదని ప్రధాని ఎర్రకోట మీదనుంచి ప్రకటించింది 2019 ఆగస్టు 15న. జనరల్ బిపిన్ రావత్ 2020 జనవరి 1న అందులో కూర్చున్నారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించారు. 2022 సెప్టెంబరు 30న జనరల్ అనిల్ చౌహాన్ వచ్చేదాకా, తొమ్మిది నెలలకు పైగా, ఆ కుర్చీ ఖాళీగానే వుంది. రావత్ పోయిన కొద్దిరోజులకు, ముగ్గురు దళాధిపతులలో సీనియరు అయిన జనరల్ నరవణెను ఆ ముగ్గురి సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. 1947లో ఇస్మే రాసిపెట్టిపోయిన పద్ధతి అదే.